లోపలి ముడి

జనం దేవుణ్ణి ఎందుకు నమ్ముతారు? ఈ ప్రశ్న దగ్గర చదువుకున్నవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటారు గానీ దర్గా సేవకుడు దస్తగిరికి ఏనాడూ ఇబ్బంది కాలేదు. అతని జవాబు అతని కుడి జబ్బకే కట్టి ఉండేది.

కంబళి గుట్ట మీది దర్గాకు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా సరే, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించేవాడు. అదొక గుడ్డ పేలిక. ఒకప్పుడు ఆకుపచ్చ గళ్ళ గుడ్డ, ఇప్పుడు చెమటకు వెలిసిపోయింది. ఒక అంచున మాత్రం ఎర్రదారం కుట్టు ఇంకా కనిపిస్తుంది.

"నాకు పాలు మాన్పించిన ఏడు ఊర్లో వాంతులు, బేదులు పట్టుకుండ్యాయి. ఇంటికొకరు పోయిరి. డాక్టరు నన్ను చూసి పెదవి విరిచె. మా యమ్మ నా ఒంటి మీది చొక్కా చించి, ఈ గుట్టెక్కి, ఇదో ఈ జాలీకి ముడేసె. తెల్లారేతలికి నేను గంజి తాగితి. మా నాయన దర్జీ. పచ్చదారం అయిపోతే ఎర్రదారంతోనే కుట్టేసినాడంట ఆ చొక్కా. చూడండి, కుట్టు! ఇంతకంటే సాక్ష్యం ఏం కావల్ల?"

వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. దస్తగిరి అప్పుడు పక్కకు జరిగి వెనకనున్న జాలీని చూపించేవాడు.

చూడదగ్గ జాలీయే అది. ఎప్పుడో ఒక ఫకీరు ఒంటి మీద ఒక్క కంబళి తప్ప ఏమీ లేకుండా ఆ గుట్ట మీదికొచ్చి, అక్కడే ఉండి, అక్కడే కన్నుమూశాడు. ముస్లింలు కంబళి వలీ అంటారు, మిగతావాళ్ళు కంబళి సామి అంటారు. ఆయన సమాధి గదికి పడమట గోడంతా రాతిలో కంతలు కంతలుగా తొలిచిన జాలీ. కష్టం ఎవరిదో వాళ్ళ ఒంటి మీది గుడ్డలోంచి పేలిక చించి ఆ జాలీకి ముడి వెయ్యాలి. కోరిక తీరితే కట్టిన చేతితోనే విప్పుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఆ ముడికి కత్తి తగలకూడదు. తీరకముందు ఎవరూ విప్పకూడదు.

రాయి కనపడనంతగా ముడులు. "ఇన్ని వేలమంది నమ్మినారు. వీళ్ళంతా పిచ్చోళ్ళా?" అనేవాడు దస్తగిరి. ఆ మాటకు ఎదురు చెప్పినవాడు అంతవరకు గుట్ట ఎక్కలేదు.

అంతా బాగానే ఉంది గానీ అతనికొక బాధ ఉండేది. ఆ బాధ పేరు అయూబ్ షా.

అయూబ్ షా అతని గురువు. ముసలివాడు, మితభాషి. దర్గా వాకిట్లో కూర్చుని పావురాలకు జొన్నలు వేస్తూ ఉంటాడు. ఎవరేం చెప్పినా ఓపిగ్గా వింటాడు. కోడలి మీద అత్త చాడీలు కూడా చివరిదాకా వింటాడు. కానీ దస్తగిరి చొక్కా చెయ్యి పైకి మడవగానే లేచి వెళ్ళిపోతాడు. నీళ్ళ కుండ నిండిందో లేదో చూడాలి, లేదా చీపురు ఎక్కడో పెట్టి మరిచిపోయాడు, ఏదో ఒక పని.

ఒకసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ప్రతిసారీ అంతే. గురువుకు తన మీద అసూయేమో అని కూడా దస్తగిరి అనుకున్నాడు. తర్వాత చెంపలు వేసుకున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"నేను చెప్పేది అబద్ధమా హజ్రత్?"

"కాదు బేటా. నిజమే."

"మరి ఏమిటికి లేచిపోతారు?"

"సగం నిజం" అన్నాడు అయూబ్ షా, జొన్నలు చల్లుతూ.

దస్తగిరి ఆ మాటను కొన్నాళ్ళు నెమరువేసి తనకు అనుకూలంగా అర్థం చేసుకున్నాడు. సగం ఈ లోకంలో, సగం పరలోకంలో అన్నమాట! మరుసటి గురువారం నుంచి అది కూడా కథలో చేర్చి చెప్పడం మొదలుపెట్టాడు. గురువు ఇంకాస్త త్వరగా లేచి వెళ్ళిపోయేవాడు.

కథలో చెప్పని సంగతి ఒకటుంది. అతన్ని బతికించిన ఆ ముడి కట్టిన తల్లి, ఖాసింబీ, ఆ తర్వాత మళ్ళీ గుట్ట ఎక్కలేదు. గుట్ట కింద ఊళ్ళోనే ఉండేది. ఉరుసు నాడు రొట్టెలు బెల్లంతో నలిపి మలీదా చేసి, గిన్నె మొదటి మెట్టు మీద పెట్టి, కొడుకును పిలిచి పైకి పంపేది. తాను మాత్రం మోకాళ్ళు నొప్పులనేది. ఆ మోకాళ్ళతోనే బావి నుంచి రెండేసి బిందెలు మోసేది.

దస్తగిరికి అది తలవంపులుగా ఉండేది. "కన్నకొడుకును బతికించిన సామికి ఒక్కసారన్నా మొగం చూపించవా? నమ్మకమే లేకపోతే ఎట్లమ్మా?" అని పదిమందిలో కేకలేశాడు కూడా.

"నీకుంది గదా నాయనా. చాల్లే" అనేది ఖాసింబీ.

అతనికొక అన్న ఉండేవాడు, చిన్నప్పుడే పోయాడు. ఎట్లా పోయాడని అడిగితే ఆమె పొయ్యిలో కట్టెలు సర్దుకునేది. కిందటేడు ఆమే పోయింది, మెట్లెక్కకుండానే.

ఒక సోమవారం పొద్దున, గుట్ట మీద పురుగు కూడా లేని వేళ, ఒకామె వచ్చింది. చేతిలో కొబ్బరికాయ లేదు, చక్కెర పొట్లం లేదు. దస్తగిరి ఆమెను గుర్తుపట్టాడు. గుట్టకు అవతలి పల్లె మారెక్క. శెనక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి. ఎండాకాలంలో కూతురికి జ్వరమని ఏడుస్తూ వచ్చి ముడి కట్టిపోయింది.

కట్టినవాళ్ళు మళ్ళీ వచ్చారంటే మేళంతో విప్పుకోవడానికే కదా. దస్తగిరి మొహం వెలిగిపోయింది.

"ముడి విప్పనీకి వస్తివా అక్కా? మేళం ఏదీ మరి?"

"విప్పనీకే వచ్చినా సామీ" అంది మారెక్క. "పాప పోయింది."

మేళం అడిగిన నోరు మూతపడింది. అయితే అది ఎక్కువసేపు మూసుకుని ఉండే నోరు కాదు.

"పోతే ఇంక ముడెందుకక్కా? తీరినోళ్ళే విప్పల్ల. తీరనిది సామి దగ్గరే ఉండల్ల. అది ఇక్కడి కట్టుబాటు."

"సామి ఏం చేసుకుంటాడు దాన్ని? అది నా బిడ్డ లంగా అంచు." ఆమె గొంతు పొడిగా ఉంది. "దాని గుడ్డలన్నీ దాంతోపాటే పంపించేసిరి. ఇంట్లో ఉండేటివి గూడా రోగం అంటుకుంటాదని మా అత్త కాల్చేసె. ఇల్లంతా ఎతికినా సామీ. దానిది ఒక్క దారప్పోగు ల్యా. ఇదొకటుంది గదా అని గ్యాపకమొచ్చి వచ్చినా."

ఆ మాటకు మనిషన్నవాడు లేచి వెతకాలి. దస్తగిరి లేచాడు, ఉపదేశం మొదలుపెట్టాడు.

"సామిది తప్పు గాదక్కా. అడిగినోళ్ళకు ఇయ్యకుండా పోడు. మన నమ్మకంలోనే యాడనో కొరత పడి ఉంటాది. మా యమ్మ ఎట్ల నమ్మిందో చూడు" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మారెక్క ఆ పేలికను చాలాసేపు చూసింది. ఎర్రదారం కుట్టును వేలితో తడిమింది కూడా. తర్వాత తలెత్తి అతన్ని చూసింది.

"ఎంత నమ్మితే బతుకుతాదో ఆ పొద్దే చెప్పింటే, అంత నమ్మేదాన్ని గదప్పా."

కోపంగా అనలేదు. నిజంగానే అంది. అది వినలేకపోవడానికి అదే కారణం.

చొక్కా చెయ్యి పైకి లేవడం చూసి అయూబ్ షా ఎప్పటిలాగే లేచాడు. ఈసారి నీళ్ళ కుండ దగ్గరికి పోలేదు. నేరుగా వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఆ యమ్మ గుడ్డ వెతికి ఇయ్యి" అన్నాడు.

"హజ్రత్! తీరని ముడి విప్పితే రేపు ఊర్లో ఏమంటారు? కంబళి వలీ దగ్గర కూడా తీరవంట అని..."

"ఆమె అడిగేది మొక్కు కాదు. బిడ్డ గుడ్డ."

అయూబ్ షా మళ్ళీ అన్నాడు: "కత్తి పెట్టొద్దు. గోళ్ళతో విప్పు. అడ్డమొచ్చినవి విప్పి, మళ్ళా యాడివి ఆడనే కట్టు."

"యాడ కడితివక్కా?" అని అడిగాడు దస్తగిరి, విసుగు దాచుకోకుండా.

"లోపలికి చెయ్యి దూర్చి కట్టినా. సామికి దగ్గరగా ఉంటాదని. యా కంతలోనో గ్యాపకం ల్యా. ఆ పొద్దు నాకు కండ్లు కనపడల్యా."

అందరూ బయటివైపే కడతారు. లోపలివైపు చేరాలంటే ముందు బయటి ముడుల్ని తప్పించాలి. ఏళ్ళ తరబడి వానకు నాని, ఎండకు ఎండి, దీపాల నూనె తాగిన ముడులవి. మొదటి కంత ఖాళీ అయ్యేసరికే దస్తగిరి బొటనవేలి గోరు చీలింది.

విసుగుతో మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే విప్పుతూ ఉంటే గుడ్డలు కనిపించసాగాయి. అప్పటిదాకా అతను జాలీని చూశాడు గానీ గుడ్డల్ని చూడలేదు. బడిపిల్లల నీలం చొక్కా ముక్క. ఉగ్గు మరక అలాగే ఉన్న పసిగుడ్డ. ముసలాయన కండువా అంచు. పసుపు మరక వదలని పెళ్ళిచీర చెంగు. ఆస్పత్రి దుప్పటి పేలిక, దాని మీద నల్లసిరాతో సగం అంకె. ఎవరి గుడ్డ ఎందుకిక్కడికి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

విప్పాడు, కట్టాడు. విప్పాడు, కట్టాడు. ఎండ నెత్తికెక్కింది. మారెక్క గోడనీడన కూర్చుంది. అయూబ్ షా రొట్టె తెచ్చి ఆమె ముందు పెడితే ముట్టుకోలేదు.

ఎక్కడో నాలుగైదు కంతలు దాటాక దస్తగిరి చేతులు ఆగిపోయాయి.

అతనికి తీరినవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్కొక్కరూ గుర్తున్నారు. ఎందుకు గుర్తుండరు? డప్పులు మోగించుకుంటూ వస్తారు, పొయ్యి పెట్టి గుట్టంతా ఘుమఘుమలాడేలా వండి పెడతారు, ముడి విప్పుకుని చేతికి కట్టుకుని దిగిపోతారు. వాళ్ళ ముడులు వాళ్ళతోపాటే వెళ్ళిపోయాయి.

మరి ఇవన్నీ?

వెనక్కి జరిగి జాలీని కింది నుంచి పైదాకా చూశాడు. ఇంతకాలం జనానికి వేలెత్తి చూపించి, ఇది నమ్మకం అని చెప్పిన గోడ. దానిమీద తీరినది ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ తీరనివే. కట్టిపోయి, మేళంతో తిరిగి రానివాళ్ళవే. రానివాళ్ళు ఏమయ్యారో అతను ఒక్కనాడూ అడగలేదు.

పని మానేద్దామనుకుని గురువు వైపు చూశాడు. గురువు పావురాల్ని చూస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా, అన్నిటికన్నా కింది వరసలో, మూలకంతలో చెయ్యి దూర్చాడు. జబ్బ దాకా పోయింది. జబ్బకున్న పేలిక రాతికి ఒరుసుకుంది. లోపల వేళ్ళకు రెండు ముడులు తగిలాయి, ఒకదాని మీద ఒకటి. పైది మెత్తగా ఉంది. కిందది రాయిలా బిగుసుకుపోయింది. కిందది వదులు చేస్తే గాని పైది రాదు. చాలాసేపు పట్టింది. చివరికి రెండూ అరచేతిలోకి వచ్చాయి.

పైది బచ్చలిపండు రంగు, మీద పసుపు చుక్కలు. మారెక్క అప్పటికే లేచి నిలబడింది. దగ్గరికొచ్చి, అడక్కుండానే తీసుకుంది. ముక్కుకు ఆనించుకుంది. అందులో నూనె వాసన, పొగ వాసన తప్ప ఇంకేం ఉంటుంది? అయినా చాలాసేపు అలాగే ఉండిపోయింది.

దస్తగిరి రెండోదాన్ని మసి పోయేలా వేళ్ళతో నలుపుతున్నాడు, యథాస్థానంలో కట్టేముందు ఎవరిదో చూద్దామని. మసి కింద ఆకుపచ్చ గళ్ళు బయటపడ్డాయి. అంచు తిప్పాడు. ఎర్రదారం కుట్టు.

తనదే ఊడిపడిందనుకుని జబ్బ తడుముకున్నాడు.

తనది తన జబ్బకే ఉంది.

"అదెవరిది సామీ?" అంది మారెక్క.

దస్తగిరి దాన్ని జబ్బ మీది పేలిక పక్కన పెట్టి చూసుకున్నాడు.

"యా తల్లిదో పాపం" అనుకుంటూ, కూతురి గుడ్డను రొండిన దోపుకుని ఆమె మెట్లు దిగిపోయింది.

ఆమె మలుపు తిరిగి కనుమరుగైంది. అయూబ్ షా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చొక్కాలు రెండా హజ్రత్?"

"గుడ్డ తాను ఒకటే. రంజానుకు మీ నాయన ఇద్దరికీ కుట్టినాడు."

"అన్నకు గూడా అదే రోగమా?"

"ఒక్క చాప మీదనే పండబెట్టిందంట ఇద్దర్నీ." అయూబ్ షా అరచేతిలో మిగిలిన జొన్నగింజల్ని అటూ ఇటూ కదిపాడు. "నేను ఈడనే ఉంటి ఆ పొద్దు. చెయ్యి లోపలికి దూర్చి రెండు ముడులూ కట్టింది. ఒక పొద్దే. ఒక చేత్తోనే."

తర్వాతి ప్రశ్నకు జవాబు దస్తగిరికి తెలుసు. తెలిసి కూడా అడిగాడు.

"మళ్ళా వచ్చిందా?"

"వచ్చింది. నీది విప్పుకునింది. రెండోది పట్టుకుని నిలబడింది, నిలబడింది... విడిచిపెట్టి దిగిపోయింది."

పొద్దున మారెక్కతో అన్న మాట దస్తగిరి చెవుల్లో గింగురుమంది. మన నమ్మకంలోనే యాడనో కొరత. అదే మాట తల్లిని ఎన్నిసార్లన్నాడు! మొదటి మెట్టు దగ్గర మలీదా గిన్నెతో నిలబెట్టి, పదిమందిలో. ఆమె తలవంచుకుని విన్నది. ఒక్కసారి, ఒక్కసారి తిరగబడి ఉంటే? నీ అన్న కూడా నా కొడుకేరా అని ఉంటే?

అతను ఏడ్చాడు. ఏడుపుకన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

"నాకు ఏమిటికి చెప్పల్యా హజ్రత్? ఇన్నేండ్లు అందరి ముందర ఆ కత చెప్తాంటే..."

"ఆమె వద్దనింది."

"ఏమనింది?"

అయూబ్ షా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"'నాకింక చాతగాదన్నా. వీణ్ణన్నా నమ్మనీ' అనింది."

గుట్ట కింద ఊళ్ళో పొయ్యిల పొగ లేస్తోంది. దస్తగిరి పేలికను రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, జవాబు తెలియని మనిషిలా అడిగాడు.

"మరి జనం ఎందుకు నమ్ముతారు హజ్రత్?"

"పొద్దున దాకా నీకు తెలుసే" అన్నాడు అయూబ్ షా.

దస్తగిరి పేలికను ఎత్తి చూపించాడు. "ఇది నేను పెట్టుకోవచ్చా?"

"మీ యమ్మే దాన్ని విడిచిపెట్టిపోయె. విప్పుకుంటే తీరినట్టు. తీరిందా?"

దస్తగిరి లేచి, మూలకంతలో జబ్బ దాకా చెయ్యి దూర్చి, తల్లి కట్టిన చోటే దాన్ని మళ్ళీ కట్టాడు. చీలిన గోరు మంటెత్తింది.

గురువారం వచ్చింది. జనం వచ్చారు. అందరికన్నా ముందు ఒక నడివయసు మనిషి బిడ్డను భుజాన వేసుకుని వగరుస్తూ ఎక్కాడు. బిడ్డ మెడ వాల్చేసింది. గౌను అంచు అప్పటికే చించి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా, నమ్మి కడితే తగ్గుతాది గదా? నీ కత ఒకసారి చెప్పన్నా. ఇంటే నాకు ధైర్నంగా ఉంటాది."

దస్తగిరి చొక్కా చేతుల్ని మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకుని ఉన్నాడు. వాటిని ముట్టుకోలేదు. బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. కాలిపోతోంది.

"ముందు ఆస్పత్రికి తీసుకుపో అన్నా."

"పోతా, పోతా. ఇది కట్టి పోతా." ఆ మనిషి జాలీ దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళి, వంగి, పేలిక పట్టుకున్న చేతిని కింది కంతలోకి దూర్చాడు. "లోపలికి కడతా. సామికి దగ్గరగా ఉంటాది."

దస్తగిరి అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"లోపలికి వద్దన్నా. బయటే కట్టు" అన్నాడు. "ఎప్పుడొచ్చినా చేతికి అందేటట్టు కట్టు."

వాకిట్లో అయూబ్ షా పావురాలకు జొన్నలు వేస్తున్నాడు. ఆ రోజు లేచి వెళ్ళలేదు.